ఇద్దరుగా చూడాల్సిన నంబరు

ఆయన దగ్గర దేన్నైనా "మొదటిది, రెండోది" అంటే ఒప్పుకునేవారు కాదు. ల్యాబులో వరసగా ముప్పై కంప్యూటర్లు ఉండేవి. "సార్, మూడోది ఆన్ కావడం లేదు" అని నేను చెప్తే తల కూడా ఎత్తేవారు కాదు. "యాడ నిలబడిందో చెప్పొద్దు పాపా, ఎవరో చెప్పు" అనేవారు. అంటే దాని గుర్తు చెప్పాలి. కుడిపక్క గీత పడినది, ఎఫ్ అక్షరం అరిగిపోయినది, మానిటరు మెడ వంకరపోయినది. అలా చెప్తే అప్పుడు లేచి వచ్చేవారు. రేపు ఎవరైనా బల్లలు జరిపితే మూడోది ఐదోదవుతుందట, గీత మాత్రం ఎక్కడికి పోయినా దానితోనే పోతుందట. మొదట్లో నాకు ఇదంతా చాదస్తంగా తోచి, వెనక నవ్వుకునేదాన్ని.

మొన్న ఒక మధ్యాహ్నం మా పాత కాలేజీ అటెండరు ఓబులేసు ఫోన్ చేశాడు. ఇన్నేళ్ల తర్వాత ఫోను, మంచికో చెడ్డకో తెలియక ముందు వాళ్ల పిల్లల గురించి అడిగాను. అతను కాసేపు ఊ కొట్టి, "మేడం, మన సార్ పోయినాడంట. తనకల్లు పక్కన వాళ్లూర్లోనే ఉండె కదా. గుండెనొప్పి అంట. నాలుగు దినాలు కదిరి ఆస్పత్రిలో పెట్టుకున్నారంట" అన్నాడు. 'మన సార్' అన్నాడు ఓబులేసు. ఆయన్ని మన సార్ అనుకునే అర్హత ఓబులేసుకు ఉంది. నాకు ఉందో లేదో తెలియదు. అందుకే ఆయన పేరు ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. అనంతపురం పొలిమేర దాటాక, చెట్టూ చేమా లేని మిట్ట మీద కట్టిన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ మాది. నేను డిప్లొమా చేసి ల్యాబులో ప్రోగ్రామరుగా తాత్కాలికంగా చేరాను. రోజూ బత్తలపల్లె నుంచి బస్సు. ఆయన సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు. పేరుకు అంత పెద్ద ఉద్యోగం గానీ, నేను చేరిన రోజు ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు సైకిల్ పంపుతో కంప్యూటరులోకి గాలి కొడుతున్నారు. మా దిక్కున వాన కన్నా దుమ్ము ఎక్కువ. నెలకొకసారి ప్రతి డబ్బా మూత విప్పి, లోపల పేరుకున్న ఎర్రమట్టిని పంపుతో ఊదేవారు. మట్టి ముఖానికి కొడితే కళ్లు మూసుకుని, "ఈ పొద్దు చేలో ఉన్నట్టుండాది" అని నవ్వేవారు. ఆయన నవ్వడం అంత తరచుగా జరిగేది కాదు.

ఆయన ప్రాణమంతా మెట్ల కింది చిన్న గదిలో ఉన్న ఒక పాత కంప్యూటరు మీద ఉండేది. చెక్కపీట మీద పెట్టి, పైన తడిగుడ్డతో తుడిచిన అట్ట కప్పేవారు. కాలేజీకి బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ లైను ముందుగా దాని దగ్గరికే వస్తుంది. ఫైర్‌వాల్ అని దాని అసలు పేరు. ఆయన కాపలా మిషన్ అనేవారు. దాని వీపున మూడు నెట్‌వర్క్ కార్డులు, మూడింటికి మూడు వైర్లు. ఒకటి బయటి లైనుకు. ఒకటి పిల్లల ల్యాబులకు. ఒకటి ఆఫీసుకు, అంటే మార్కులూ పరీక్షల కాగితాలూ ఉండే కంప్యూటర్లకు. బయటివాళ్లు ఎవరూ లోపలికి రాకూడదు. ల్యాబు పిల్లలు బయటికి పోవచ్చు గానీ ఆఫీసులోకి తొంగిచూడకూడదు. ఆఫీసువాళ్లు ఎక్కడికైనా పోవచ్చు. ఎవరు ఏ వైరు మీద వచ్చారో చూసి వదలడమో ఆపడమో చెయ్యాలి, అంతే దాని పని.

చిక్కంతా దానికి కరెంటు పోయి వచ్చినప్పుడే. మా కాలేజీలో కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో చెప్పలేను. బ్యాటరీలు ముసలివి, పావుగంట కూడా నిలిచేవి కావు. ఆగిపోయిన కాపలా మిషన్ మళ్లీ లేచినప్పుడు, తన వీపున ఉన్న కార్డుల్లో ఏది ముందు కనబడితే దానికి సున్నా అని, తర్వాతదానికి ఒకటి అని, చివరిదానికి రెండు అని పేర్లు పెట్టుకునేది. చాలాసార్లు ఆ వరస మారదు. కానీ మారిన రోజు పెద్ద గొడవ. నేను చేరిన కొత్తల్లో ఒక పొద్దున ఇలాగే వరస మారి, కాలేజీ మొత్తానికి సగం రోజు ఇంటర్నెట్ రాలేదు. ఆయన ఒక్కొక్క వైరు పీకి, ఏ దీపం ఆరిందో చూసి, మళ్లీ పెట్టి, మధ్యాహ్నానికి గానీ పట్టుకోలేకపోయారు.

ఆ రోజు అన్నానికి కూర్చున్నప్పుడు నాకు చెప్పారు. ఆయన టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ సంగటి ముద్ద, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. కొంచెం నా మూతలో పెట్టి అన్నారు:

"మా నాయనకు రెండు నూర్ల గొర్లుండె పాపా. పొద్దన్నే దొడ్డి తడిక తీసినంక యాది ముందొస్తే దాన్నే ఒకటోది అనుకునింటే, ఆ మంద మాకు మిగిలేదా? పక్కోళ్ల మందలో కలిసినా మనదని తెలవాల. అందుకే చెవికి కోత పెడ్తాం. మా ఇంటి కోత వేరే, పక్కింటి కోత వేరే. ఈ మిషన్ జేసినోడు యానాడూ గొర్లు మేపినట్టు లేదు."

నవ్వి ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు. ప్రతి కార్డు మీదా తయారయ్యేటప్పుడే వేసిన పన్నెండు అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది. లోకంలో ఇంకే కార్డుకూ ఆ నంబరు ఉండదు. ఆయన వారం రోజులు పుస్తకాలు తిరగేసి, ఆ నంబర్లను ఒక పట్టీగా రాసి మిషన్‌లో పెట్టారు. ఈ నంబరు ఉన్న కార్డు పేరు 'బయట'. ఈ నంబరుది 'పిల్లోళ్లు'. ఈ నంబరుది 'కచేరి', అంటే ఆఫీసు. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసినా పేర్లు మాత్రం ఇవే. ఇక మిషన్ ఎప్పుడు లేచినా, ఏ కార్డు ముందు కనబడినా, నంబరు చూసి పేరు పెడుతుంది. నియమాలన్నీ ఆ పేర్ల మీదే రాశారు. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా మాకు భయం లేకపోయింది.

కార్డు మారిస్తే మాత్రం కొత్త నంబరు పట్టీలో రాయాలి. దానికి ఆయన పద్ధతి ఒకటుంది. ఒకరు కార్డు చేత పట్టుకుని గట్టిగా చదవాలి, ఇంకొకరు టైపు చెయ్యాలి. అయ్యాక టైపు చేసినవాళ్లు చదవాలి, కార్డు పట్టుకున్నవాళ్లు చూడాలి. ఒక్కరే చెయ్యకూడదు. "నేనొక్కదాన్నే చెయ్యగలను సార్" అని ఒకసారి అంటే, "చేస్తావు. చెవి కోసేటప్పుడు గూడా ఒకరు పట్టుకుంటారు, ఒకరు కోస్తారు. పట్టుకున్నోళ్లు గుర్తు నోటితో చెప్పాల. ఒక్కడే కోస్తే చెయ్యి జారతాది, జారింది వానికి తెలవదు" అన్నారు.

పిల్లల్ని కూడా ఆయన రోల్ నంబర్లతో పిలిచేవారు కాదు. ఏడాదికొకసారి మారిపోయే నంబరుతో మనిషిని పిలవడమేమిటని ఆయన వాదన. ఊళ్ల పేర్లతో పిలిచేవారు. "ఏమప్పా యాడికీ, ఈ పొద్దన్నా వస్తివే!" అంటే యాడికి అనే ఊరి నుంచి వచ్చే ఆ కుర్రాడు సిగ్గుతో తల గోక్కునేవాడు. ఒకే ఊరివాళ్లు ఇద్దరుంటే నాయన చేసే పని కూడా కలిపేవారు. ఒక ఆడపిల్ల తనను "టైలరు ధర్మవరం" అని పిలవొద్దని ఏడిస్తే, మరునాటి నుంచి ఆ పిల్లను ఒక్కదాన్నే పేరుతో పిలిచారు. తప్పని చెప్తే దిద్దుకోవడానికి ఆయనకు ఒక్క పూట చాలు. ఈ గుణం నాకు అబ్బలేదు.

మా కరస్పాండెంటుకు ఆయనంటే పడేది కాదు. ఆ పెద్దమనిషి భూములున్న ఇంటివాడు, కాంట్రాక్టులు, రాజకీయం, ఆపైన కాలేజీ. తాను కనబడగానే ఎవరైనా లేచి నిలబడాలి. ఒకరోజు మేమిద్దరం కొత్త కార్డు నంబరు చదువుతుండగా మెట్ల కింది గది గుమ్మంలోకి వచ్చి, "ఏమప్పా కంప్యూటరూ, ఏం చేస్తాండావు?" అన్నాడు. సార్ వెనక్కి తిరగకుండానే ఆగమని చెయ్యి చూపించి, మిగిలిన ఐదు అక్షరాలూ చదివి, నేను తిరిగి చదివేదాకా విని, అప్పుడు లేచి దండం పెట్టారు. కరస్పాండెంటు ఏమీ అనలేదు. అనకుండా పోయినందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఇక నా సంగతి చెప్పాలి. ఇంతసేపూ ఆయన గురించి రాస్తూ దాన్ని వాయిదా వేస్తున్నానని నాకు తెలుసు.

మే నెలాఖరులో సార్ వాళ్ల నాయనకు జబ్బు చేసిందని ఊరికి పోయారు. పోయిన రెండో రోజు మధ్యాహ్నం చినుకు లేని ఉరుములు, మెరుపులు. ఒక్క పిడుగు మా మిట్ట మీదే పడింది. కాపలా మిషన్‌లో బయటి లైను కార్డు మాడిపోయింది. ఆ సాయంత్రం ఐదు లోపల కొత్త బ్రాంచి అనుమతికి సంబంధించిన కాగితాలు యూనివర్సిటీకి మెయిల్‌లో పోవాలి. లేకపోతే ఏడాది ఆగాలి. కరస్పాండెంటు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

స్టోర్‌లోంచి వేరే కంపెనీ కార్డు తెచ్చి పెట్టాను. మిషన్ లేచింది. 'బయట' అన్న పేరుకు రాసి ఉన్న నంబరు ఎక్కడా కనబడక తలుపు తియ్యలేదు. అది సరిగ్గానే పనిచేసింది, ముక్కూ ముఖం తెలియని కార్డును నమ్మలేదు. నేను చెయ్యాల్సింది ఒక్కటే. ఓబులేసును పిలిచి, కార్డు చేతికిచ్చి, నంబరు చదివించి, పట్టీలో రాయడం. ఓబులేసు పదో తరగతి తప్పినవాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. అతనితో చదివిస్తూ, కరస్పాండెంటు చూస్తుండగా తడుముకోవడం నాకు నామోషీ అనిపించింది. నిజం చెప్పాలంటే అంతే. వేళ మించిపోతోందన్నది తర్వాత నాకు నేను చెప్పుకున్న సాకు.

పట్టీ తీసి పక్కన పెట్టేశాను. సున్నా, ఒకటి, రెండు అనే పాత పద్ధతి నియమాలు ఇంకా మిషన్‌లోనే ఒక మూల ఉన్నాయి. వాటిని తెచ్చి పెట్టాను. ఐదు నిమిషాల్లో ఇంటర్నెట్ వచ్చింది. కాగితాలు పోయాయి. "చూసినారా, ఆయప్ప ఉండింటే రెండు దినాలు నంబర్లు చదువుతాండె. ఈ పాప చిటికెలో చేసేసింది" అన్నాడు కరస్పాండెంటు, అక్కడున్న నలుగురూ వినేట్టు. రెండు నెలల్లో నా ఉద్యోగం పర్మినెంటు చేస్తానని కూడా అప్పుడే అన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి పోతూ నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చీదర పుట్టుకొస్తుంది.

సార్ పన్నెండు రోజుల తర్వాత గుండు చేయించుకుని వచ్చారు. వాళ్ల నాయన పోయారు. బల్ల ముందు కాసేపు కూర్చున్నారు. తర్వాత మెట్ల కింది గదికి పోయి, కొత్త కార్డును చూసి వచ్చి అడిగారు.

"కార్డు కాలిపోయిందా?"

"అవును సార్. పిడుగు పడింది. మార్చినాను. అంతా బాగుంది."

"నంబరు రాసినావా?"

"రాసినా సార్."

"ఎవరు చదివినారు?"

"ఓబులేసు."

తల ఊపారు. ఎవరి మాటనూ నమ్మక ప్రతిదీ తన కళ్లతో చూసుకునే మనిషి, ఆ రోజు మిషన్‌కు మానిటరు తగిలించి చూడలేదు. ఓబులేసును అడగనూ లేదు. నన్ను నమ్మారు. ఆయన గుండు చూసి, దిగులు ముఖం చూసి, ఇప్పుడెందుకులే, రేపు నిదానంగా చెప్పి సరిచేద్దాం అనుకున్నాను. రేపు అంటే మరునాడు కాదు, ఆ వారమూ కాదు. మిషన్ బాగానే నడుస్తుండేసరికి నాలో ఒక పొగరు కూడా చేరింది. ఇంత చాదస్తం అక్కర్లేదని రుజువైందిగా అనుకున్నాను.

నెల దాటింది. ఫైనలియర్ పిల్లల ఇంటర్నల్ మార్కులన్నీ ఆఫీసు కంప్యూటర్లలో ఎక్కించి, యూనివర్సిటీకి పంపడానికి సిద్ధం చేస్తున్నారు. ఒక పొద్దున కరెంటు పోయి వచ్చింది. కాపలా మిషన్ లేచి, ఆ పూట కార్డుల్ని వేరే వరసలో చూసింది. ల్యాబు కార్డు ఆఫీసుదనుకుంది, ఆఫీసు కార్డు ల్యాబుదనుకుంది. కంప్యూటర్లకు అడ్రసులు పంచేది కూడా అదే కాబట్టి, ఆ ప్రకారమే పంచేసింది. ఇంటర్నెట్ ఇద్దరికీ వస్తోంది. ఎవరికీ అనుమానం రాలేదు. ల్యాబు కంప్యూటర్లన్నీ ఆఫీసు హోదాలో, అడిగేవాళ్లు లేకుండా ఎక్కడికైనా పోగలిగేట్టు కూర్చున్నాయి.

మూడో రోజు ఒక పిల్లవాడు పాటల సీడీతో ల్యాబులోకి వైరస్ తెచ్చాడు. అదేం కొత్త కాదు. తరచూ ఏదో ఒకటి వచ్చేది, మేం తుడిచేవాళ్లం, అది ల్యాబు దాటేది కాదు. ఈసారి దాటింది. మధ్యాహ్నానికి ఆఫీసులో ఒక్కొక్క కంప్యూటరూ చచ్చిపోయింది. మార్కుల ఫైళ్లు పోయాయి. వాటి నకళ్లు పక్క బల్ల మీది కంప్యూటర్లోనే పెట్టుకున్నారు, అవీ పోయాయి. మాస్టార్లు పాత కాగితాలు వెతికి మళ్లీ ఎక్కించేసరికి గడువు దాటింది. మా పిల్లల ఫలితాలు ఆపేశారు. కొలువుల్లో చేరాల్సిన పిల్లలు మార్కుల జాబితా లేక వరండాల్లో తిరిగారు, వాళ్లలో యాడికి కుర్రాడూ ఉన్నాడు.

ఆ సాయంత్రం సార్ మానిటరు మోసుకుని మెట్ల కింది గదికి పోయారు. నేను వెనకే వెళ్లాను. మిషన్‌లో ఆ పట్టీ తెరిచారు. పక్కన పెట్టేసి ఉంది. దాన్ని ఏ రోజు, ఏ వేళకు పక్కన పెట్టారో కూడా మిషనే చెప్తుంది. ఆ రోజు ఆయన ఊర్లో వాళ్ల నాయన పక్కన ఉన్నారు. ఆయన ఎంతసేపు చూశారో తెలియదు. వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మీద ఇంకా పూర్తిగా పెరగని వెంట్రుకల్ని చూస్తూ నేను నిలబడ్డాను.

"సార్..." అన్నాను.

"నువ్వు బస్సుకు పో పాపా. ఇది తప్పితే బత్తలపల్లెకు ఇంగ బస్సు లేదు."

"సార్, అది..."

"పో తల్లీ" అన్నారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నేను ఏడ్చి కాళ్ల మీద పడేదాన్నేమో. పోయాను.

మరునాడు కరస్పాండెంటు గదికి అందరినీ పిలిచారు. ప్రిన్సిపాలు, ఆఫీసువాళ్లు, నేను, గుమ్మంలో ఓబులేసు.

"ఏమప్పా, అంత పెద్ద కాపలా పెడ్తివే. యాడికి పోయింది నీ కాపలా?"

"తప్పు నాది సార్" అన్నారాయన. "కార్డు మారినంక నేను సరిచూసుకోలేదు."

"కార్డు మార్చింది ఈ పాప కదా?"

"కార్డు ఎవరన్నా మారుస్తారు సార్. సరిచూసేది నా పని. వచ్చినంక నేను చూసింటే ఇంత కాదు."

ఆయన అబద్ధమాడలేదు. ఒక్క మాట కూడా అబద్ధం లేదు అందులో. నా అబద్ధం ఒక్కటే అక్కడ చెప్పకుండా మిగిల్చారు. అది చెప్పడం నా వంతు. "సార్, నేను" అనే రెండు మాటలు నా నాలుక కొన దాకా వచ్చాయి. ఆ ఏడాది కూడా వానల్లేక మా నాయన చేలో విత్తనం మొలకెత్తలేదు. ఇంట్లో నలుగురం నా జీతం మీద బతుకుతున్నాం. పర్మినెంటు కాగితం రావడానికి వారం ఉంది. ఇవన్నీ నిజాలే. కానీ వీటిలో ఏదీ ఆయన తప్పు కాదు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు, నాకు ఇబ్బందవుతుందని కాబోలు.

ఆ రోజే ఆయన్ని తీసేశారు. సాయంత్రం ఆయన సైకిల్ పంపు ఓబులేసుకిచ్చి, మెట్ల కింది గదిలో ఆఖరిసారి కూర్చుని, పట్టీని సరిచేశారు. కార్డు నా చేతికిచ్చి చదవమన్నారు. పన్నెండు అక్షరాలూ చదివాను. ఆయన టైపు చేసి తిరిగి చదివారు, నేను చూశాను. అన్నీ అయ్యాక లేచి, చెప్పులు తొడుక్కుంటూ, "ఇంగమీద ఒక్కదానివే చెయ్యాకు" అన్నారు. అంతే. ఆయన నాతో అన్న చివరి మాట అది.

కదిరిలో చిన్న జిరాక్సు అంగడి పెట్టారని, అది నడవక ఊరికి పోయి సేద్యం చూసుకుంటున్నారని తర్వాత ఓబులేసు ద్వారా తెలిసేది. ఒకసారి పెళ్లికి పోతూ కదిరి బస్టాండులో కిటికీలోంచి ఆయన్ని చూశాను. చెనిక్కాయల మూట పక్కన పెట్టుకుని టీ తాగుతున్నారు. బక్కచిక్కిపోయారు. దిగితే నాలుగు అడుగులు. బస్సు పదినిమిషాలు ఆగింది. నేను కొంగు తల మీదికి లాక్కుని అటు పక్కకు తిరిగి కూర్చున్నాను. చూశారో లేదో తెలియదు. చూసి ఉంటే ఆయనే చూడనట్టు ఉండేవారు, ఆ మనిషి తీరు నాకు తెలుసు. దిగనందుకు ఆ పెళ్లిలో ముద్ద దిగలేదు. అయినా తర్వాత కూడా పోలేదు. ఎన్ని పండగలకు కదిరి మీదుగా పోయి ఉంటాను!

ఓబులేసు ఫోన్ చేశాక ఇక ఆగలేకపోయాను. పెద్దదినం నాడు తనకల్లు దాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో వాళ్ల ఊరు పోయాను. రెండు గదుల ఇల్లు. ముందు పందిట్లో బంధువులు భోజనాలకు కూర్చున్నారు. నేను ఫలానా అని చెప్తే ఆయన భార్యను లోపలి గదిలో చూపించారు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "కాలేజీ నుంచి వచ్చినావామ్మా? ఇంత దూరం వచ్చినావే" అని చాప జరిపింది.

చెప్పేశాను. కూర్చోగానే, నీళ్లు కూడా తాగకుండా, మొత్తం చెప్పాను. కార్డు సంగతి ఆమెకు అర్థం కాదని తెలిసి, అర్థమయ్యేలా చెప్పాను. "అక్కా, తప్పు సార్‌ది కాదు. నేను చేసినాను. సార్ అడిగితే అబద్ధం చెప్పినాను. ఆయనకు తెలిసి కూడా నా పేరు చెప్పలేదు. ఆయన కొలువు నావల్ల పోయింది." చెప్తుంటే ఏడుపు వచ్చింది. ఏడుస్తుంటే, ఇన్నేళ్ల తర్వాత, ఏదో తేలికైనట్టు కూడా అనిపించింది. అది కూడా దాచను.

ఆమె ఏడవలేదు. నా వైపు చూస్తూ ఉంది. ఆమె నన్ను తిడుతుందనో, లేకపోతే పోనీలేమ్మా అంటుందనో అనుకున్నాను. రెంటికీ సిద్ధపడే వచ్చాను.

"తప్పు నాదే అని చెప్పినాడు మాకు" అంది ఆమె. "చేసే పని సరిగ్గా చూసుకోలేదు, తీసేసినారు అన్నాడు. ఇంగేం చెప్పలేదు."

"అవునక్కా. ఆయన..."

"నేను అంటానే ఉంటిమ్మా ఇన్నేండ్లూ. సంగటి పెట్టేటప్పుడు అంటి. పిల్లోని ఫీజుకు దుడ్లు లేకుంటే అంటి. పంట ఎండినప్పుడల్లా అంటి. ఉన్న కొలువు నిలబెట్టుకోలేకపోతివి, కండ్లు యాడ పెట్టుకోనుంటివి అని. 'అవునే, నాదే తప్పు' అంటాండె. ఒక్కనాడు ఎదురు చెప్పలేదు." ఆమె చెయ్యి చాప అంచును పట్టుకుని లాగుతోంది. "మొన్న ఆస్పత్రిలో గూడా అంటినమ్మా."

పందిట్లోంచి ఎవరో ఆమెను కేకేశారు, వడ్డించడానికి ఏదో తక్కువైందని.

"నువ్వు ఆయన ఉన్నప్పుడు వచ్చి ఈ మాట చెప్పింటే, నేను నోరు మూసుకోనుంటి కదమ్మా" అంది.

మళ్లీ కేకేశారు. ఆమె లేచి, కొంగు దోపుకుని, నేను తినకుండా పోకూడదని చెప్పి బయటికి పోయింది. పిలిచి విస్తరి ముందు కూర్చోబెట్టింది. తనే వడ్డించింది, నేను తిన్నాను.